ఫ్రేజరు నదిలో సాల్మను చేపల వేట

చేపల వేటను అదుపులో నుంచుట యనగానే మనకు సాధారణముగ ఒక భావము తోచును. చేపలు తగ్గినప్పుడు పట్టుట మానవలెను. పెరిగిన తరువాత పట్టవలెను. లెక్క యింతే కదా యనిపించును. మన తూర్పు తీరమున ఏటేట ఏప్రిల్ 15వ తేదీ మొదలు జూన్ 14వ తేదీ వరకు 61 దినములు మరపడవల వేటను నిలిపివేయుట ఇట్టి సులభమైన లెక్కపై నాధారపడినదే. చేప గ్రుడ్లు పెట్టు కాలమున దానిని విడిచిపెట్టుదురు; తరువాత పట్టుకొందురు.

కాని కెనడా దేశపు పడమటి తీరమున, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రములో, ఫ్రేజరు నది సముద్రములో కలియు చోట కొన్ని ఏండ్లలో కనబడు దృశ్యము ఈ లెక్కకు లొంగదు. ఆగస్టు నెలలో లక్షలకొలది సాల్మను చేపలు సముద్రము విడిచి నదిలోనికి ఎదురీదుచుండును. రేవులలో పడవలు కట్టివేసి యుండును. వలలు బాగుచేసికొని సిద్ధముగ నున్న జాలరులు గట్టున నిలిచి, తమ ఏడాది బత్తెము తమ కన్నుల యెదుటనే నీటిలో సాగిపోవుటను చూచుచుందురు. వారిని ఆపినది చేపల కరవు కాదు. ఆ గుంపులో కలసి పోవుచున్న మరియొక చిన్న తెగ చేపలు మిక్కిలి కొద్దిగ మిగిలియుండుటయే కారణము. వల వేసినచో రెండును పడును. వలకు కన్నులు లేవు కదా!

ఈ చిక్కు ఎట్లు పుట్టినదో, దానిని విప్పుటకు ఆ దేశమువారు ఏమేమి చేయుచున్నారో, అందువలన ఎవరికి ఎంత నష్టము కలుగుచున్నదో చెప్పుటయే మా యుద్దేశము.

ముందుగా ఆ చేపనుగూర్చి కొంత తెలిసికొనవలెను. ఉత్తర పసిఫికు మహాసముద్రపు అమెరికా తీరమున సాల్మనులలో ఐదు జాతులు ముఖ్యమైనవి. చినూకు, కోహో, సాకై, పింకు, చమ్ అని వాని పేర్లు. వీనిలో ఎర్రని కండ కలిగి, డబ్బాలలో నింపి దేశదేశములకు పంపుటకు మిగుల పేరుపొందినది సాకై. ఇది శరదృతువున మంచినీటి గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. ఒక్కొక్క ఆడచేప మూడు నాలుగు వేల గ్రుడ్లు పెట్టును. వసంతమున పిల్లలు వెలువడి, సమీపమున నున్న సరస్సులో సుమారు ఒక సంవత్సరము పెరిగి, వ్రేలెడు పొడవు కాగానే నది వెంట సముద్రమునకు పోవును. అచ్చట రెండేండ్లకు పైగా మేసి, బలిసి, నాలుగవ యేట తిరిగివచ్చును. నదిలో ప్రవేశించిన పిదప అది ఆహారము ముట్టదు. ఒంటిలో దాచుకొన్న క్రొవ్వే దారిబత్తెము. శరీరము ఎర్రబారి, తల ఆకుపచ్చగ మారి, ప్రయాణమంతయు ముగించి గ్రుడ్లు పెట్టిన కొద్ది దినములకే చనిపోవును.

గోదావరి తీరవాసులకు ఈ కథలో సగము తెలిసినదే. వరదకాలమున సముద్రము నుండి ఎదురీది వచ్చి పులస యను పేరు గాంచు ఇలస చేప కూడ ఉప్పునీట పెరిగి మంచినీట గ్రుడ్లు పెట్టునదే. అయితే ఇలస గ్రుడ్లు పెట్టిన పిమ్మట మరల సముద్రమునకు పోగలదు. మరియొక యేడు తిరిగి రాగలదు. సాకైకి రెండవ యవకాశము లేదు. నదిలో పట్టుబడిన ప్రతి చేపయు ఇంకను గ్రుడ్లు పెట్టని చేపయే.

అన్నిటికంటె వింతయైన సంగతి, సాల్మను తాను పుట్టిన చోటికే తిరిగి వచ్చుట. ఏదో యొక మంచినీటి చోటు దొరికిన చాలునని అది యూరకుండదు. పుట్టిన వాగు, పుట్టిన సరస్సు, ఒక్కొక్కప్పుడు పుట్టిన ఒడ్డే దానికి కావలెను. ఆ నీటి వాసనను చిన్ననాటనే గుర్తుపెట్టుకొని, దానిని బట్టి దారి పట్టునని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. దీని ఫలితము చాల గొప్పది. ఒక సరస్సు చేపలు ఆ సరస్సు చేపలతోనే జతకూడును. మంచుయుగము ముగిసిన నాటి నుండి, అనగా సుమారు పదివేల ఏండ్లుగా, ఇట్లే జరుగుచుండుటచే ఒకే సాకై జాతిలో ఎన్నో వేరు వేరు తెగలు ఏర్పడినవి. కొండల నడుమ దూరమున నున్న చిల్కో సరస్సునకు పోవు తెగ గుండె బలమునకును, వెచ్చని నీటిని ఓర్చుకొను శక్తికిని పేరుపొందినది. మరియొక తెగ సరస్సు ఒడ్డున నేలలో నుండి ఊట వచ్చు చోట మాత్రమే గ్రుడ్లు పెట్టును. ఒక తెగ నశించినచో ప్రక్క సరస్సు చేపలు వచ్చి ఆ యిల్లు నింపునని ఆశించుటకు వీలులేదు.

ఫ్రేజరు నది రాకీ పర్వతములలో పుట్టి, సుమారు 1,375 కిలోమీటర్లు ప్రవహించి, వాంకూవరు నగరము చెంత సముద్రమును చేరును. మన గోదావరికంటె కొంచెము పొట్టి. దాని ఉపనదుల పొడవున ఎన్నో సరస్సులు కలవు. ఎన్నో సాకై తెగలు కలవు. వీనిలో ఆడమ్స్ నది తెగ ప్రసిద్ధమైనది. ఇది నాలుగేండ్లకొకసారి విస్తారముగ వచ్చును. 2010, 2014, 2018, 2022 సంవత్సరములు అట్టివి. ఆ యేడులలో జనము యాత్రగా పోయి, ఎర్రని చేపలతో నిండిన ఏటిని చూచి వత్తురు. ఈ ఆడమ్స్ చేపలు నదీముఖమునకు వచ్చు వారములలోనే కల్టస్ సరస్సు తెగ కూడ వచ్చును. ఇదియే మన కథలోని చిన్న తెగ.

కల్టస్ సరస్సు సముద్రమునకు దూరము కాదు. చిల్లివాక్ పట్టణమునకు దగ్గర. ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెము మించిన చిన్న సరస్సు. ఆ తీరమున పూర్వము వివిధ జాతులవారు వర్తకమునకై వాడుకొన్న చినూకు మిశ్రభాషలో 'కల్టస్' అనగా పనికిమాలినది యని యర్థము. పేరు ఎవరు పెట్టిరో కాని, చేపల శాస్త్రమున ఇంతటి పనికివచ్చిన సరస్సు ప్రపంచమున అరుదని మేము చెప్పగలము. ఈ సరస్సు నుండి వెలువడు స్వెల్ట్‌జర్ వాగునకు అడ్డముగ 1925 ప్రాంతమున ఒక కంచె కట్టి, లోనికి పోవు పెద్దచేపలను, వెలుపలికి వచ్చు పిల్లలను లెక్కించుట మొదలుపెట్టిరి. ఫోర్‌స్టర్ అను శాస్త్రజ్ఞుడు ఆ లెక్కలతో ఒక ప్రశ్నకు సమాధానము వెదకెను. మనుష్యుడు గ్రుడ్లు సేకరించి, తొట్లలో పొదిగించి, పిల్లలను విడిచిపెట్టుట మేలా, చేపను దాని మానమునకు విడిచిపెట్టుట మేలా? పదేండ్లకు పైగా సాగిన పరీక్షలలో తొట్లకై చేయు వ్యయమునకు తగిన లాభము కనబడలేదు. ఆ నిర్ణయముపై 1930వ దశకమున బ్రిటిష్ కొలంబియాలోని సాకై పిల్లల కేంద్రములు మూసివేయబడినవి. ప్రభుత్వము తాను పెట్టిన ఖర్చు వృథా యని పరీక్షచేత తెలిసికొని మానుకొనుట ఎక్కడనైనను తరచుగ జరుగునది కాదు.

ఆ కాలముననే విలియం రికర్ అను యువకుడు కల్టస్ సరస్సు చెంత పనిచేసెను. తల్లిచేపల సంఖ్యకును, వాని సంతానములో పెరిగి తిరిగివచ్చు చేపల సంఖ్యకును గల సంబంధమును 1954లో ఆయన ఒక గణితసూత్రముగ ప్రకటించెను. ఈనాటికిని అది ఆయన పేరుతోనే వ్యవహరింపబడుచున్నది. దానిలోని ముఖ్యాంశము కష్టమైనది కాదు. తల్లిచేపలు మరీ తక్కువైనచో పిల్లలు తక్కువ. మరీ ఎక్కువైనచో చోటు చాలక, ఆహారము చాలక పిల్లలు తగ్గును. నడుమ ఒక స్థితిలో మిగులు అధికముగ నుండును. ఆ మిగులే జాలరి పాలు.

ఇక్కడనే చిక్కు మొదలగుచున్నది. ఈ మిగులు అన్ని తెగలకును ఒకటే కాదు. ఊహకొరకు ఒక లెక్క వేసికొందము. ఇవి కేవలము ఉదాహరణకై వేసిన అంకెలు. రెండు తెగలున్నవి, ఒక్కొక్కదానిలో 1,000 తల్లిదండ్రి చేపలు. బలమైన తెగలో 1,000 చేపల సంతానము 5,000 అయి తిరిగి వచ్చినది. బలహీనమైన తెగలో 1,500 మాత్రమే వచ్చినవి. రెండును ఒకే వారమున నదీముఖమున కలసి యున్నవి. జాలరులు నూటికి 70 చొప్పున పట్టిరి. బలమైన తెగలో 1,500 మిగిలినవి. ఏమియు నష్టము లేదు. వెనుకటికంటె 500 ఎక్కువయే. బలహీనమైన తెగలో 450 మాత్రమే మిగిలినవి. వాని సంతానము 675. అందులో మరల నూటికి 70 పోగా సుమారు 200. మూడవ తరమున 90. అనగా పండ్రెండేండ్లలో వేయి చేపలు తొంబదియైనవి. ఈ పండ్రెండేండ్లును బజారులో చేపలకు కరవు లేదు. జాలరి వల నిండుగనే యున్నది. మొత్తము లెక్క చూచినవానికి వేట ఏటేట వృద్ధి పొందుచున్నట్లే కనబడును. అపాయము కనబడకుండ వచ్చుటయే ఇందలి విశేషము.

ఇది కేవలము ఊహ కాదు. గడచిన శతాబ్దమున చాలకాలము ఫ్రేజరు సాకైలో నూటికి 70, 80 చొప్పున కూడ పట్టిన ఏండ్లు కలవు. పెద్ద తెగలు ఓర్చుకొన్నవి. కల్టస్ తెగ ఓర్చుకొనలేదు. దీనికి తోడు 1990వ దశకము నడుమ నుండి మరియొక కీడు మూడినది. ఋతువు చివర వచ్చు తెగలు పూర్వము నదీముఖమున కొన్ని వారములు ఆగి, నీరు చల్లబడిన తరువాత నదిలో ప్రవేశించెడివి. ఇప్పుడు ఆగకుండ ముందుగనే ప్రవేశించుచున్నవి. వెచ్చని నీటిలో పరాన్నజీవుల రోగము తగిలి గ్రుడ్లు పెట్టకమునుపే అనేకము చనిపోవుచున్నవి. అలవాటు ఏల మారినదో చెప్పుటకు పలువురు పలువిధముల ప్రయత్నించిరి.

2002లో అపాయస్థితిలో నున్న వన్యప్రాణులను పరిశీలించు కెనడా నిపుణుల సంఘము కల్టస్ సాకై నశించిపోవు ప్రమాదములో నున్నదని అత్యవసరముగ ప్రకటించెను. ఆ దేశపు క్రొత్త చట్టము ప్రకారము ప్రభుత్వము దానిని రక్షితజీవుల పట్టికలో చేర్చినచో, దానిని పట్టుట, చంపుట నేరమగును. అట్లయినచో దానితో కలసి వచ్చు ఆడమ్స్ చేపలను పట్టుటయు దాదాపు అసాధ్యమగును. 2005 జనవరిలో ప్రభుత్వము చేర్చుటకు నిరాకరించెను. జాలరులకును, తీరమునందలి గ్రామములకును కలుగు నష్టము మిక్కిలి పెద్దదని కారణము చెప్పెను. ఈ నిర్ణయమును కొందరు పిరికితనమనిరి, కొందరు వివేకమనిరి. మాకు తోచినంతవరకు, ఒక చిన్న సరస్సు చేపలకొరకు ఎంతమంది కూడు ఎన్నేండ్లు ఆపవచ్చునన్న ప్రశ్నకు శాస్త్రము సమాధానము చెప్పదు. నష్టమెంతయో చెప్పును, ఏ నష్టమును భరింపవలెనో చెప్పుట శాస్త్రజ్ఞుని పని కాదు. ఆ సంవత్సరముననే ప్రభుత్వము ప్రకటించిన వన్యసాల్మను విధానమున మాత్రము ఒక ముఖ్యమైన మార్పు వచ్చెను. మొత్తము ఫ్రేజరు సాకై ఎన్ని యని చూచుటకు బదులు, ప్రత్యేకమైన ప్రతి తెగను వేరు వేరుగ లెక్కించి, దాని స్థితిని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలములుగ గుర్తింపవలెనని అందులో నిర్ణయించిరి.

వేరు వేరుగ లెక్కించుట యెట్లు? చేపలన్నియు చూచుటకు ఒకటే. ఇందు మానవుని నేర్పు చూడదగినది.

ఫ్రేజరు సాకైలో కెనడాకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును పాలు కలదు. నదికి వచ్చు చేపలలో కొన్ని అమెరికా జలముల మీదుగ వచ్చుటయే ఇందుకు కారణము. 1937లో అమలులోనికి వచ్చిన ఒడంబడికతో మొదటి ఉభయదేశ సంఘ మేర్పడెను. 1985లో క్రొత్త ఒడంబడిక ప్రకారము పసిఫికు సాల్మను సంఘము దాని స్థానమున వచ్చెను. వేటకాలములో ఈ సంఘము తరపున కొన్ని పడవలు నియమిత స్థలములలో నియమితమైన వలలు వేసి పరీక్షగా చేపలు పట్టును. ప్రతిదినము ఒకేచోట ఒకేవిధముగ వల వేయుటచే, ఈనాడు ఎన్ని పడినవి, నిన్న ఎన్ని పడినవి యన్న భేదము వచ్చుచున్న గుంపు పరిమాణమును సూచించును. పట్టిన చేపల పొలుసులు తీసి పరిశోధనాలయమునకు పంపుదురు. చెట్టు మ్రానులో వలయములున్నట్లు పొలుసుమీద కూడ వలయము లుండును. చేప పిల్లగా నున్నప్పుడు సరస్సులో ఎట్లు పెరిగినదో ఆ వలయములు తెలుపును. ఆహారము మెండుగనున్న సరస్సు వేరు, లేని సరస్సు వేరు. పూర్వము దీనిని బట్టియే తెగను గుర్తించెడివారు. 2000 తరువాతి ఏండ్లలో జన్యుపరీక్ష వచ్చుటచే గుర్తింపు మరింత నిక్కమైనది. నదీముఖమునకు సుమారు 80 కిలోమీటర్లు ఎగువన మిషన్ అను పట్టణమువద్ద నీటిలోనికి ధ్వనితరంగములను పంపి, తిరిగివచ్చు ప్రతిధ్వనినిబట్టి దాటిపోవు చేపలను లెక్కించుదురు.

ఈ సమాచారమంతయు ఉభయదేశముల ప్రతినిధుల మండలియెదుటికి వచ్చును. వేటకాలములో ఆ మండలి వారమునకు రెండుసార్లు సమావేశమగుట పరిపాటి. ఏ తెగ ఎంత వచ్చినది, ఏది మొదట అనుకొన్నదానికంటె తగ్గినది, నదిలో నీరెంత వెచ్చగనున్నది — ఇవి చూచి, ఫలానా ప్రాంతమున ఫలానా వలతో ఇన్ని గంటలు పట్టవచ్చునని, లేక పట్టరాదని నిర్ణయించుదురు. నీరు వెచ్చబడినచో దారిలో చనిపోవు చేపలెక్కువ కావున, గ్రుడ్లు పెట్టుటకు కావలసిన సంఖ్యకంటె మరికొన్ని చేపలను అదనముగ విడిచిపెట్టుదురు. జాలరి దృష్టితో చూచినచో ఇది ఎంత కష్టమో ఊహింపవచ్చును. అతని ఏడాది బ్రదుకు కొన్ని వారములలో నున్నది. ఆ వారములలో ఏ దినము పని యుండునో రెండు దినములముందు కాని తెలియదు. పడవమీద అప్పు, వలమీద అప్పు, వచ్చిన కూలీలు — ఇవేవియు మండలి తీర్మానముకొరకు ఆగవు.

కాలమునే కాక, వలను, చోటును మార్చియు తెగలను వేరుచేయవచ్చును. మొప్పలు చిక్కుకొను వల చేపను ఊపిరాడకుండ చేసి చంపును. దానిని పొట్టిగ చేసి, కొద్దిసేపు మాత్రము నీటిలో నుంచి వెంటనే లాగినచో అనేక చేపలు ప్రాణముతో వచ్చును. చుట్టువలలో పడిన చేపలను ఒక్కమారుగ పడవలోనికి కుమ్మరింపక, చిన్న వలబుట్టతో కొద్దికొద్దిగ తోడి, విడువవలసినదానిని ఏరి విడువవచ్చును. అలసిన చేపను వెంటనే నీటిలో వేసినచో చనిపోవును. కావున పడవలో ఎడతెగక నీరు పారు పెట్టె నొకటి యుంచి, అందు తేరుకొన్న పిమ్మట విడిచిపెట్టుట కొన్నిచోట్ల విధిగ నేర్పరచిరి. ఈ పద్ధతులు బాగుగ వ్యాపించుటకు 1998 కారణము. ఆ యేడు థామ్సన్ నదిలోను, ఎగువ స్కీనా నదిలోను కోహో జాతి అతిహీనస్థితికి రాగా, మత్స్యశాఖ మంత్రి డేవిడ్ ఆండర్సన్ ఆ కోహోలలో ఒక్కటియు వేటవలన చావరాదని ప్రకటించెను. కోహోను విడిచి సాకైని పట్టుట నేర్చినవారికే వేట మిగిలెను.

అయితే ఈ పద్ధతులు కోహోకు పనికివచ్చినట్లు కల్టస్ సాకైకి పనికిరావు. కోహో వేరొక జాతి; చూచి గుర్తింపవచ్చును. ఆడమ్స్ సాకైని, కల్టస్ సాకైని చేతిలో పట్టుకొని చూచినను జాలరి చెప్పలేడు. కావున కొందరు మరియొక ఉపాయము చెప్పుదురు: నదీముఖమున పట్టుట మాని, తెగలన్నియు తమతమ ఉపనదులలోనికి చీలిపోయిన తరువాత, బలమైన తెగ సరస్సు చెంతనే పట్టవలెను. న్యాయముగ చూచినచో ఇదియే శ్రేష్ఠమైన మార్గము. కాని వందలకొలది కిలోమీటర్లు ఉపవాసముతో ఈదిన చేపలో క్రొవ్వు కరగిపోవును. కండ రంగు తగ్గును. సముద్రముఖమున పలికిన ధర పలుకదు. గోదావరి జిల్లాల గృహిణులకు దీని మర్మము వేరుగ చెప్పనక్కరలేదు. చేప రుచి అది ఎక్కడ పట్టుబడినదన్న దానిపై నాధారపడునని వారికంటె తెలిసినవారెవరు?

ఎగువన పట్టుటయందు మరియొక న్యాయము కూడ కలదు. ఫ్రేజరు పొడవునను నివసించు ఆదిమజాతులవారు వేలయేండ్లుగ తమ ఊరిముందు ప్రవహించు నీటిలో సాల్మను పట్టి, ఎండబెట్టి, చలికాలమంతయు జీవించిరి. 1984లో మస్క్వియం జాతికి చెందిన రోనాల్డ్ స్పారో అను నాతనిపై 25 బారల వలకు బదులు 45 బారల వల వేసెనని ప్రభుత్వము కేసు పెట్టెను. ఆ కేసు దేశపు అత్యున్నత న్యాయస్థానమువరకు పోయి, 1990లో తీర్పు వచ్చెను. చేపజాతి రక్షణ మొదటిది. ఆ తరువాత ఆదిమజాతులవారి ఆహారమునకై పట్టు వేట. వ్యాపారపు వేటయు, వినోదపు వేటయు దాని తరువాతనే యని ఆ తీర్పు క్రమము నిర్ణయించెను. కావున ఒక తెగ బలహీనమైనప్పుడు మొదట ఆగవలసినది అమ్మకమునకై పట్టు పడవయే. అయినను ఎగువ తెగలు క్షీణించిన యేండ్లలో ఆ జాతులవారు తమ ఆహారపు వేటను కూడ స్వయముగ మానుకొన్న సందర్భములు లేకపోలేదు.

ఇంత ప్రయాస యెందుకు, తొట్లలో పిల్లలను పెంచి లక్షలకొలది విడిచిపెట్టరాదా యని కొందరు శ్రోతల కనిపింపవచ్చును. ఫోర్‌స్టర్ పరీక్షల సంగతి పైన చెప్పితిమి. అది ఖర్చుకు సంబంధించిన ఆక్షేపణ. ఇంతకంటె లోతైన ఆక్షేపణ యొకటి కలదు. ఫ్రేజరుకు ఉత్తరమున నున్న స్కీనా నదిలో, బబీన్ సరస్సునకు చేరువగ 1960వ దశకమున గ్రుడ్లు పెట్టుటకు అనువుగ కాలువలు త్రవ్వి నీటిని మళ్లించిరి. ప్రయత్నము చక్కగ ఫలించెను. బబీన్ చేపలు విస్తారముగ పెరిగినవి. పెరిగిన చేపలను పట్టుటకు పడవలు ఉత్సాహముగ బయలుదేరినవి. ఆ వలలలో స్కీనాలోని ఇతర సరస్సుల చిన్న వన్యతెగలును పడినవి. పైన చెప్పిన వేయి చేపల లెక్కను పాఠకులు ఒక్కసారి స్మరింతురుగాక. బలమైన తెగను మరింత బలపరచినకొలది బలహీనమైన తెగపై భారము పెరుగును. చేపలను పెంచుటయే వన్యచేపకు కీడు తెచ్చుట సంభవమని అనుభవమువలన తెలిసినది.

ఇంతమాత్రమున దోషమంతయు వలదేయని మేము చెప్పబోము. ఫ్రేజరు నది మనుష్యునిచేత పడిన దెబ్బలు వేరు కలవు. 1913, 1914 సంవత్సరములలో రైలుమార్గము నిర్మించువారు కొండలు పగులగొట్టగా హెల్స్ గేట్ అను ఇరుకైన కనుమలో రాళ్లుపడి, ఎగువకు పోవు చేపల దారి మూసికొనిపోయెను. ఆ చోట చేపలు ఎక్కిపోవుటకు మార్గములు 1940వ దశకము నడుమ కాని నిర్మింపబడలేదు. 2019 జూన్‌లో బిగ్ బార్ అనుచోట కొండచరియ విరిగి నదిలో పడియుండుటను కనుగొనిరి. మరల అదే కష్టము. సముద్రములో చేప ఎట్లు బ్రదుకుచున్నదో తెలియుట ఇంకను కష్టము. 2009లో కోటికి పైగా సాకై వచ్చునని అంచనా వేసిరి. సుమారు 15 లక్షలు మాత్రము వచ్చినవి. ప్రభుత్వము బ్రూస్ కోహెన్ అను న్యాయమూర్తితో విచారణసంఘము నియమించెను. ఆయన విచారణ ఆరంభించిన మరుసటి యేడే, 2010లో, రెండుకోట్ల ఎనుబది లక్షలకు మించి చేపలు వచ్చినవి. మూడేండ్ల విచారణ పిదప 2012లో ఆయన 75 సిఫారసులు చేసెను. క్షీణతకు ఒక్కటియే కారణమని వ్రేలు చూపుటకు వీలులేదని చెప్పెను. 2020లో మూడు లక్షలలోపే వచ్చినవి. ఆ నదిలో లెక్కించుట మొదలైన తరువాత అంత తక్కువ ఎన్నడును లేదు. వేటకు అధికారి ఆజ్ఞ యుండును. సముద్రపు వేడికి ఎవరి యాజ్ఞయు లేదు. అందుచేతనే, చేతిలో నున్న ఒక్క పగ్గము నైనను గట్టిగ పట్టుకొనవలెనని వేటను తగ్గించువారి వాదము. తగ్గింపు అనుభవించువారు మాత్రము, సముద్రము చేసిన తప్పుకు శిక్ష మాకా యని యడుగుచున్నారు. రెండు మాటలలోను నిజమున్నది.

2021 జూన్‌లో కెనడా ప్రభుత్వము ఆ తీరమున సాల్మను వ్యాపారపు వేటలలో నూటికి సుమారు 60 పాళ్లు దీర్ఘకాలము మూసివేయుచున్నట్లు ప్రకటించెను. వృత్తి విడువదలచినవారి అనుమతిపత్రములను ప్రభుత్వమే కొనుటకు ఏర్పాటు చేసెను. తండ్రి నుండి కొడుకునకు వచ్చిన పడవకు వెల కట్టుట ఎవరికిని సులభము కాదు. ధనమిచ్చినను ఆ తీరపు ఊళ్లలో చేపలు శుభ్రముచేయు స్త్రీలకు, మంచు అమ్మువారికి, పడవలు బాగుచేయువారికి అందులో పాలు లేదు.

ఇక కల్టస్ తెగ. 2000 నుండి దానిలో కొన్ని చేపలను తొట్లలో పెంచి, వాని సంతానమును సరస్సులోనికి విడిచి వంశము నిలుపుచున్నారు. తొట్లపెంపకము మేలుకాదని నిరూపించిన సరస్సుననే నేడు తొట్లు లేక తెగ నిలుచుట కష్టమైనది. పిల్లలను తిను పెద్దచేపలను పట్టి తీసివేయుచున్నారు. వేసవిలో విడిదికై వచ్చు జనముచేతను, చుట్టుప్రక్కల పొలముల ఎరువుచేతను సరస్సు అడుగున నీరు చెడి, ప్రాణవాయువు తగ్గుచున్నదని శాస్త్రజ్ఞులు హెచ్చరించుచున్నారు. 2017లో నిపుణుల సంఘము మరల పరిశీలించి, తెగ ఇంకను నశించు ప్రమాదములోనే యున్నదని చెప్పెను.

స్వెల్ట్‌జర్ వాగుమీది కంచె ఇప్పటికిని పనిచేయుచున్నది. శరదృతువున అచ్చటి ఉద్యోగులు ఒక్కొక్క చేపను దాటించుచు, దాని వీపుమీద తోకకు ముందున్న చిన్న రెక్కను చూచుదురు. తొట్లలో పెంచిన పిల్లలకు ఆ రెక్కను ముందే కత్తిరించి విడిచిపెట్టుట ఆచారము. రెక్క లేనిది తొట్టిలో పెరిగిన చేప. రెక్క యున్నది సరస్సులోనే పుట్టి పెరిగినది. రెండును కంచె దాటి పైకి పోవును. లెక్కపుస్తకములో మాత్రము వానిని వేరు వేరు గడులలో వ్రాసికొందురు.